మ్యూజియం ఉద్యోగుల వర్గీకరణ, వేతన స్కేళ్లు

మ్యూజియంలో ఎన్ని రకాల పనులున్నాయో గుర్తించి, వాటిని కొలువులుగా విడదీసి, ఒక్కో కొలువుకు హోదా, అర్హత, జీతం ఖాయం చేసే ప్రక్రియను ఉద్యోగ వర్గీకరణ, వేతన నిర్ణయం అంటారు. ప్రభుత్వ మ్యూజియాల్లో ఇది సర్వీసు రూల్సు, వేతన సంఘాల సిఫార్సుల ప్రకారం జరుగుతుంది. ట్రస్టులు, విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు సంస్థలు నడిపే మ్యూజియాల్లో పాలక మండలి నిర్ణయాలు, యూనియన్ల ఒప్పందాలు, మార్కెట్ రేట్లు దీన్ని నడిపిస్తాయి. ప్రభుత్వ కొలువుల వర్గీకరణ పద్ధతులు చాలావరకు కార్యాలయాల కోసం పుట్టాయి. వాటిలో హోదాను చదువును బట్టి, చేతి కింద పనిచేసేవారి సంఖ్యను బట్టి, మంజూరు చేసే ఖర్చును బట్టి లెక్కగడతారు. మ్యూజియం పనికి కేంద్రం మాత్రం వస్తువు. ఒకసారి పాడైతే మళ్లీ తయారుకాని వస్తువుకు జవాబుదారీగా ఉండటాన్ని ఏ గడిలో వేయాలి, దానికి ఎంత విలువ కట్టాలి అన్నదే ఈ రంగంలో తరతరాలుగా నలుగుతున్న ప్రశ్న.

ప్రాథమిక భావనలు

వర్గీకరణలో ముందుగా తేల్చుకునేది పోస్టు. ఒక మనిషి చేయాల్సిన విధులన్నీ కలిపితే ఒక పోస్టు. ఒకే రకం పోస్టులన్నీ కలిసి ఒక కేడర్. కేడర్లను బాధ్యత స్థాయిని బట్టి మెట్లుగా పేరిస్తే గ్రేడ్లు వస్తాయి. ఒక్కో గ్రేడుకు కనీస మొత్తం, గరిష్ఠ మొత్తం, వాటి మధ్య ఏటేటా పెరిగే ఇంక్రిమెంట్లు కలిపితే అది వేతన స్కేలు. మూలవేతనానికి కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం వంటివి తోడైతే చేతికందే జీతం అవుతుంది.

భారతదేశంలో, అమెరికాలో సూత్రప్రాయంగా విలువ కట్టేది పోస్టుకే గానీ అందులో కూర్చున్న మనిషికి కాదు. డాక్టరేట్ ఉన్న వ్యక్తి గ్యాలరీ అటెండెంటుగా చేరినా అటెండెంటు జీతమే వస్తుంది. ఫ్రాన్స్‌లో ఇందుకు భిన్నంగా హోదా ఉద్యోగికి చెందుతుంది, అతను నిర్వహించే పోస్టు వేరుగా ఉంటుంది. ఈ రెండు దృక్పథాల మధ్య తేడా బదిలీలు, పదోన్నతులు, పరిశోధనకు దక్కే గుర్తింపు అన్నిటి మీదా పడుతుంది.

మ్యూజియం కొలువుల రకాలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన వృత్తుల ప్రామాణిక వర్గీకరణ 2008 ప్రతిలో క్యూరేటర్లు, ఆర్కైవిస్టులు 2621 సంఖ్య కింద వృత్తి నిపుణుల విభాగంలో ఉన్నారు. గ్యాలరీ, మ్యూజియం, లైబ్రరీ టెక్నీషియన్లకు 3433 సంఖ్య కేటాయించారు. కాపలా సిబ్బంది 5414 కింద, బ్యాంకులు, గిడ్డంగుల కాపలాదారులతో కలిసి ఉంటారు. అంటే ఒకే గదిలో ఒకే వస్తువు చుట్టూ పనిచేసే ముగ్గురు గణాంకాల్లో మూడు వేర్వేరు లోకాల మనుషులు. భారత జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 కూడా ఈ చట్రం మీదే నిలబడింది.

ఆచరణలో మ్యూజియం కొలువులను ఆరు తరగతులుగా చెప్పుకోవచ్చు.

సేకరణల విభాగం: క్యూరేటర్, కీపర్, డిప్యూటీ కీపర్, అసిస్టెంట్ క్యూరేటర్ వంటివారు. వస్తువుల గుర్తింపు, కాలనిర్ణయం, పరిశోధన, ప్రదర్శనలో ఏవి ఉంచాలన్న ఎంపిక వీరి పని. భారతీయ మ్యూజియాల్లో ఈ విధులకు తోడు వస్తువుల చార్జి కూడా వీరి పేరు మీదే ఉంటుంది.

నమోదు విభాగం: ప్రతి వస్తువుకూ సంఖ్య వేసి అక్సెషన్ రిజిస్టరులో ఎక్కించడం, అరువుపై వెళ్లే, వచ్చే వస్తువుల కాగితాలు, బీమా, రవాణా చూసుకోవడం. పాశ్చాత్య దేశాల్లో రిజిస్ట్రార్‌ది ప్రత్యేక వృత్తి. మన దగ్గర చాలాచోట్ల ఈ పని క్యూరేటర్ బల్ల మీదికే చేరుతుంది.

పరిరక్షణ విభాగం: రసాయన శాస్త్రం చదివిన కన్జర్వేటర్లు, పునరుద్ధరణ నిపుణులు, ప్రయోగశాల సహాయకులు.

విద్య, ప్రదర్శన విభాగం: గైడ్ లెక్చరర్లు, విద్యాధికారులు, ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు, మోడలర్లు, వడ్రంగులు, విద్యుత్ పనివారు.

భద్రత, గ్యాలరీ విభాగం: అటెండెంట్లు, కాపలాదారులు, టికెట్ల సిబ్బంది. సందర్శకుల కంటికి రోజూ కనిపించే మ్యూజియం వీరే.

పరిపాలన విభాగం: లెక్కలు, ఎస్టాబ్లిష్‌మెంట్, స్టోర్లు, గ్రంథాలయం.

2008లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి శిక్షణ కమిటీ యూరప్ దేశాల నిపుణులతో కలిసి మ్యూజియం వృత్తులకు ఒక నమూనా చట్రం ప్రచురించింది. అందులో 20 కొలువులకు విధులు, అర్హతలు రాసిపెట్టారు. జీతాలను మాత్రం అది దేశాలకే వదిలేసింది.

పోస్టు విలువ కట్టే పద్ధతులు

ఏ పోస్టు పెద్దది, ఏది చిన్నది అని తేల్చడానికి నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది వరుస పద్ధతి: పోస్టులన్నిటినీ పోల్చి పైనుంచి కిందికి పేర్చడం. పది మంది ఉన్న చిన్న మ్యూజియానికి ఇది చాలు. రెండోది గ్రేడు పద్ధతి: ముందే గ్రేడులకు నిర్వచనాలు రాసుకుని, ఒక్కో పోస్టు ఏ నిర్వచనానికి సరిపోతుందో చూడటం. మూడోది అంశాల పోలిక. నాలుగోది పాయింట్ల పద్ధతి: విద్య, నైపుణ్యం, బాధ్యత, శ్రమ, పని పరిస్థితులు వంటి అంశాలకు విడివిడిగా పాయింట్లు వేసి కూడటం.

పాయింట్ల పద్ధతిలో ఎంచుకున్న అంశాలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ పద్ధతిలో తొమ్మిది అంశాలున్నాయి: పనికి కావలసిన జ్ఞానం, పై అధికారి పర్యవేక్షణ తీరు, మార్గదర్శకాలు, సంక్లిష్టత, పని పరిధి–ప్రభావం, ఎవరితో వ్యవహరించాలి, ఎందుకు వ్యవహరించాలి, శారీరక శ్రమ, పని వాతావరణం. వస్తువుల సంరక్షణ బాధ్యతకు ఇందులో ప్రత్యేకంగా చోటు లేదు. దాన్ని జ్ఞానం కిందో, పరిధి–ప్రభావం కిందో వాదించి ఇరికించాలి. బ్రిటన్ స్థానిక సంస్థల ఉమ్మడి మండలి పద్ధతిలో 13 అంశాలుండగా, వాటిలో మనుషుల బాధ్యత, పర్యవేక్షణ బాధ్యత, డబ్బు బాధ్యత, భౌతిక వనరుల బాధ్యత నాలుగూ వేరువేరుగా ఉన్నాయి. చేతి కింద ఎవరూ లేకపోయినా వేల వస్తువులకు జవాబు చెప్పాల్సిన మ్యూజియం ఉద్యోగికి ఆ చివరి అంశం కింద పాయింట్లు దక్కుతాయి. అదే మనిషిని సిబ్బంది సంఖ్యతో మాత్రమే కొలిచే పద్ధతిలో పెడితే గ్రేడు పడిపోతుంది.

భారతదేశంలో చారిత్రక నేపథ్యం

దేశంలో తొలి మ్యూజియం జీతం లేని కొలువుతోనే మొదలైంది. 1814లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో మ్యూజియం పెట్టాలని ప్రతిపాదించిన డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు నథానియల్ వాలిచ్ తానే గౌరవ క్యూరేటరుగా ఉంటానని ముందుకొచ్చాడు. 1851లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం ఏర్పడినప్పుడు బాధ్యత అప్పగించిన ఎడ్వర్డ్ బాల్ఫోర్ కంపెనీ సైన్యపు వైద్యుడు. ఇంకో శాఖ ఉద్యోగి మ్యూజియాన్ని అదనపు పనిగా చూసుకునే ఆనవాయితీ అలా బలపడింది. తరువాత మద్రాసులో సూపరింటెండెంట్ హోదా స్థిరపడింది. ఎడ్గార్ థర్‌స్టన్, ఎఫ్.హెచ్. గ్రేవ్లీ ఆ హోదాలో పనిచేశారు. 1940లో ఎ. అయ్యప్పన్ ఆ కుర్చీ ఎక్కిన తొలి భారతీయుడు. హైదరాబాదు రాజ్యంలో 1914లో గులాం యజ్దానీ సారథ్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది. మ్యూజియం ఆ శాఖ నీడలోనే పెరిగింది. పురావస్తు శాఖలో మ్యూజియం ఒక భాగంగా ఉండే ఈ ఏర్పాటు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ కొనసాగుతోంది.

1936లో ఎస్.ఎఫ్. మార్కమ్, హెచ్. హార్‌గ్రీవ్స్ రాసిన భారతీయ మ్యూజియాల సర్వే నివేదిక వెలువడింది. శిక్షణ పొందిన పూర్తికాలపు క్యూరేటర్ల కొరతను ఆ నివేదిక ఎత్తిచూపింది. 1944లో భారత మ్యూజియంల సంఘం ఏర్పడింది. 1952లో బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం మ్యూజియాలజీ కోర్సు మొదలుపెట్టింది, 1959లో కలకత్తా విశ్వవిద్యాలయం అనుసరించింది. చదువు వచ్చాక అర్హతల గడిలో రాయడానికి ఒక డిగ్రీ దొరికింది. అయినా చాలా పోస్టుల నియామక నిబంధనల్లో చరిత్ర, పురావస్తు శాస్త్రం, సంస్కృతం వంటి సబ్జెక్టుల ఎం.ఏ. ప్రధాన అర్హతగానూ, మ్యూజియాలజీ డిప్లొమా అదనపు లేదా వాంఛనీయ అర్హతగానూ మిగిలాయి. 1989లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ కళా చరిత్ర, పరిరక్షణ, మ్యూజియాలజీ మూడింటినీ విడివిడి విభాగాలుగా బోధించింది. ఉద్యోగాల వర్గీకరణ మాత్రం అంత స్పష్టంగా విడిపోలేదు.

కేంద్ర ప్రభుత్వ మ్యూజియాల వేతన నిర్మాణం

ఢిల్లీలోని జాతీయ మ్యూజియం సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అధీన కార్యాలయం. కోల్‌కతా ఇండియన్ మ్యూజియం, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం స్వయంప్రతిపత్తి సంస్థలు. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించగా, 1961 నాటి చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించి గవర్నరు అధ్యక్షతన ఒక బోర్డుకు అప్పగించింది. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. నాగార్జునకొండ, అమరావతి వంటి స్థల మ్యూజియాలు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అధీనంలో ఉన్నాయి. యజమానులు వేరైనా జీతాల లెక్క మాత్రం కేంద్ర వేతన సంఘం నుంచే వస్తుంది.

కేంద్రంలో ఇప్పటిదాకా ఏడు వేతన సంఘాలు నివేదికలిచ్చాయి. 1946లో వరదాచారి అధ్యక్షతన మొదటిది ఏర్పడింది. 1957లో ఏర్పడిన రెండో సంఘానికి సుప్రీంకోర్టు న్యాయమూర్తి బి. జగన్నాథదాస్ సారథ్యం వహించారు. బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన ఆరో సంఘం 2006 నుంచి అమలైన పే బ్యాండ్లు, గ్రేడ్ పే విధానం తెచ్చింది. ఎ.కె. మాథుర్ అధ్యక్షతన ఏడో సంఘం వాటిని తీసేసి, 2016 జనవరి 1 నుంచి 18 స్థాయిలు, ఒక్కో స్థాయిలో ఏటేటా పెరిగే గడులు ఉన్న పే మ్యాట్రిక్స్ అనే పట్టిక పెట్టింది. స్వయంప్రతిపత్తి సంస్థలకు ఈ స్కేళ్లను వర్తింపజేస్తూ ఆర్థిక శాఖ 2017 జనవరిలో ఉత్తర్వులిచ్చింది.

కనీస వేతనం లెక్కకు 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఆమోదించిన సూత్రం ఆధారం. వాలెస్ ఐక్రాయిడ్ ఆహార ప్రమాణాల ప్రకారం ఒక కుటుంబానికి కావలసిన తిండి, బట్ట, ఇల్లు ఖర్చులు కూడి కనీసం ఎంతో తేలుస్తారు. ఏడో సంఘం దాన్ని రూ.18,000గా నిర్ణయించింది. అప్పటిదాకా అమల్లో ఉన్న రూ.7,000ను 2.57తో గుణిస్తే దాదాపు ఆ మొత్తమే వస్తుంది. ఈ గుణకాన్నే ఫిట్‌మెంట్ అంటున్నారు. అత్యున్నత స్థాయి రూ.2,50,000. పై, కింది కొసల మధ్య దాదాపు 14 రెట్ల తేడా ఉంది.

మ్యాట్రిక్స్‌లో మ్యూజియం కొలువులు సాధారణంగా తగిలే మెట్లు ఇవి. స్థాయి 1 రూ.18,000 వద్ద, స్థాయి 5 రూ.29,200 వద్ద, స్థాయి 6 రూ.35,400 వద్ద, స్థాయి 7 రూ.44,900 వద్ద, స్థాయి 10 రూ.56,100 వద్ద, స్థాయి 11 రూ.67,700 వద్ద మొదలవుతాయి. 2017 నాటి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 5 స్థాయిలు గ్రూప్ సి, 6 నుంచి 9 గ్రూప్ బి, 10, ఆపైవి గ్రూప్ ఎ. అటెండెంట్లు, టెక్నీషియన్లు గ్రూప్ సి లోనూ, పై స్థాయి క్యూరేటర్లు గ్రూప్ ఎ లోనూ ఉంటారు. మధ్యలో గ్రూప్ బి వద్దే ఎక్కువ వివాదాలు పుడతాయి. రోజువారీ వస్తు సంరక్షణ, కేటలాగు రాయడం వంటి పనులు ఎక్కువగా అక్కడే ఉన్నాయి.

ఇంక్రిమెంటు ఏటా 3 శాతం. స్థాయి 6లో రూ.35,400 మీద చేరిన ఉద్యోగికి తరువాతి గడి రూ.36,500. పదోన్నతి వస్తే ముందు పాత స్థాయిలో ఒక ఇంక్రిమెంటు కలిపి, ఆ మొత్తానికి సమానమైన లేదా ఆపై గడిలో కొత్త స్థాయిలో నిలుపుతారు. స్థాయి 6లో రూ.42,300 తీసుకుంటున్నవారికి పదోన్నతి వస్తే ముందు రూ.43,600 అయి, స్థాయి 7లో అంతకన్నా ఎక్కువగా ఉన్న తొలి గడి రూ.44,900 దగ్గర కుదురుకుంటుంది.

మ్యూజియాల్లో కేడర్లు చిన్నవి. నాణేల విభాగంలో ఇద్దరు, చిత్రాల విభాగంలో ముగ్గురు ఉంటే, పై పోస్టులో ఉన్నవారు రిటైరైతే గానీ కిందివారికి మెట్టు దొరకదు. ఒక విభాగం నిపుణుడిని ఇంకో విభాగం ఖాళీలో వేయడం కుదరదు, రాగిరేకుల లిపి చదివేవారిని వస్త్రాల విభాగానికి పంపలేరు కదా. అందుకే పదోన్నతి లేకుండా 10, 20, 30 ఏళ్ల సర్వీసు పూర్తిచేసిన ఉద్యోగికి పై స్థాయి జీతం ఇచ్చే ఎంఏసీపీ పథకం మ్యూజియాలకు ముఖ్యం. ఏడో సంఘం తరువాత ఆ లాభం దక్కాలంటే పనితీరు నివేదికలో ‘చాలా బాగుంది’ అన్న స్థాయి తప్పనిసరైంది. ఈ పథకం జీతం పెంచుతుంది గానీ హోదా మార్చదు. ఇరవయ్యేళ్ల తరువాత కూడా తలుపు మీది బోర్డులో అసిస్టెంట్ అనే మాట అలాగే ఉంటుంది.

ఆరో వేతన సంఘం తరువాత గ్రూప్ డి రద్దయింది. ఆ తరగతి ఉద్యోగులను శిక్షణ ఇచ్చి గ్రూప్ సి లోకి తెచ్చి, పలు పోస్టులకు మల్టీ టాస్కింగ్ స్టాఫ్ అనే ఒకే పేరు పెట్టారు. జీతం పరంగా ఇది మేలు. వర్గీకరణ పరంగా మాత్రం ఊడ్చే పని, ఫైళ్లు మోసే పని, గ్యాలరీలో శిల్పం పక్కన నిలబడి చూసుకునే పని ఒకే పేరు కిందికి చేరాయి. మ్యూజియానికే ప్రత్యేకమైన ఒక నైపుణ్యం కాగితం మీంచి మాయమైంది.

భత్యాల్లో ఊరిని బట్టి తేడా ఉంటుంది. ఇంటి అద్దె భత్యం కోసం నగరాలను ఎక్స్, వై, జెడ్ తరగతులుగా విభజించారు. హైదరాబాద్ ఎక్స్ తరగతి, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ వై తరగతి, చిన్న ఊళ్లు జెడ్ తరగతి. 2017లో ఇవి వరుసగా 24, 16, 8 శాతంగా మొదలై, కరవు భత్యం పెరిగేకొద్దీ 30, 20, 10 శాతానికి చేరాయి. ఈ లెక్కన సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, లాంచీ ఎక్కి చేరుకోవాల్సిన నాగార్జునకొండ మ్యూజియంలోనూ ఒకే స్థాయిలో పనిచేసే ఇద్దరికి మూలవేతనం సమానమే. అద్దె భత్యం మాత్రం దూరాన పనిచేసేవారికే తక్కువ.

సైన్స్ మ్యూజియాల తీరు

1978లో ఏర్పడిన జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి వేరే బాట పట్టింది. తిరుపతి ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఈ మండలి ఏర్పాటు చేసిన కేంద్రాల్లో ఒకటి. ఇక్కడ ప్రదర్శన వస్తువులను ఎక్కువగా సొంత వర్క్‌షాపుల్లో తయారుచేస్తారు. కాబట్టి టెక్నీషియన్, టెక్నికల్ అసిస్టెంట్, ఎగ్జిబిషన్ అసిస్టెంట్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్, క్యూరేటర్ అని విధుల్ని బట్టి కేడర్లు చీల్చి, ఒక్కో కేడరులో అక్షరాలతో మెట్లు పెట్టారు. టెక్నీషియన్ ‘ఎ’ స్థాయి 2లోనూ, టెక్నికల్, ఎగ్జిబిషన్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ‘ఎ’ పోస్టులు స్థాయి 5లోనూ మొదలవుతాయి. ఐటీఐ చదివిన ఫిట్టరుకూ, ఇంజినీరింగ్ డిప్లొమా ఉన్నవారికీ, డిగ్రీ ఉన్న విద్యా సహాయకుడికీ తమ పని పేరుతోనే మెట్లు ఉండటం ఈ పద్ధతిలోని సుగుణం. కళా, పురావస్తు మ్యూజియాల్లో ఫొటోగ్రాఫరు, మోడలరు వంటి వారికి ఒక్కో పోస్టే ఉండి, ఎక్కడానికి పై మెట్టు లేకపోవడంతో పోలిస్తే తేడా అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

రెండు రాష్ట్రాల్లో మ్యూజియం సిబ్బంది రాష్ట్ర ప్రభుత్వ పురావస్తు, వారసత్వ శాఖల ఉద్యోగులు. 2014 విభజనతో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం తెలంగాణకు చెందింది. విజయవాడలోని విక్టోరియా జూబిలీ మ్యూజియం ఆంధ్రప్రదేశ్‌లో మిగిలి, తరువాత బాపు మ్యూజియం పేరుతో 2020లో కొత్తగా తెరుచుకుంది. పోస్టులు స్టేట్ సర్వీస్, సబార్డినేట్ సర్వీస్, లాస్ట్ గ్రేడ్ సర్వీస్ అనే విభజన కింద వస్తాయి. నియామకం, సీనియారిటీ, పదోన్నతులకు 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్సు ఉమ్మడి ఆధారం.

జీతాలను వేతన సవరణ కమిషన్ (పీఆర్సీ) సిఫార్సుల మీద నిర్ణయిస్తారు. ఇక్కడ మ్యాట్రిక్స్ బదులు మాస్టర్ స్కేలు ఉంటుంది. కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఇంక్రిమెంట్లతో సాగే ఒకే పొడవాటి నిచ్చెనలోంచి 32 గ్రేడులను ముక్కలుగా కత్తిరిస్తారు. ఫిట్‌మెంట్‌ను ఇక్కడ గుణకంగా కాక మూలవేతనం మీద పెంపు శాతంగా చెబుతారు. 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చాయి. ఆ తరువాత దారులు చీలాయి. తెలంగాణలో సి.ఆర్. బిస్వాల్ కమిటీ 7.5 శాతం సూచించగా ప్రభుత్వం 2021లో 30 శాతం ప్రకటించింది, కనీస మూలవేతనం రూ.19,000 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అశుతోష్ మిశ్రా కమిటీ నివేదిక తరువాత 2022లో 23 శాతం ఫిట్‌మెంటుతో కనీస మూలవేతనం రూ.20,000గా ఖరారైంది. మాస్టర్ స్కేలు గరిష్ఠం రూ.1,79,000. పదోన్నతి దొరకని వారికి 6, 12, 18, 24 ఏళ్లకు మెరుగైన స్కేలు ఇచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం ఇక్కడ ఊరట. కేంద్రపు పదేళ్ల గడువుతో పోలిస్తే ఇది త్వరగా అందుతుంది. పదవీ విరమణ వయసు కూడా వేరు: కేంద్రంలో 60, తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. చిన్న కేడర్లలో పై పోస్టు ఖాళీ అయ్యే గడువును ఇది నేరుగా మారుస్తుంది.

ఒకే హైదరాబాదులో మూడు మైళ్ల దూరం కూడా లేని సాలార్‌జంగ్ మ్యూజియం, రాష్ట్ర మ్యూజియం ఉద్యోగులు రెండు వేతన వ్యవస్థల్లో ఉండటం ఈ ఏర్పాటు ఫలితం. పీఆర్సీ ముందు ఉద్యోగ సంఘాలు తరచూ ఇలాంటి పోలికలే పెడతాయి. కమిషన్ మాత్రం పోస్టు పేరును కాక అర్హత, నియామక పద్ధతి, విధులు, గతంలో ఏ పోస్టుతో సమానంగా ఉండేదో చూస్తుంది. సంఖ్యాబలం ఉన్న శాఖల వాదన గట్టిగా వినిపించినంతగా కొద్దిమంది ఉన్న మ్యూజియం కేడర్ల వాదన వినిపించదు.

రాష్ట్ర స్థాయిలో ప్రత్యేక నైపుణ్యాలను బయటి నుంచి తెచ్చుకునే ఉదాహరణలూ ఉన్నాయి. హైదరాబాద్ రాష్ట్ర మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని 2016లో ముంబయి ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ నిపుణుల సాయంతో ప్రాణవాయువు లేని పేటికలోకి మార్చారు. ఇలాంటి పని ఏళ్ల తరబడి ఒకసారి వస్తుంది. దానికోసం శాశ్వత పోస్టు పెట్టాలా, అవసరమైనప్పుడు నిపుణులను పిలిపించుకోవాలా అన్నది వర్గీకరణలో ఎప్పుడూ ఎదురయ్యే లెక్క. పేటికను తెచ్చిపెట్టేవారు వెళ్లాక దాన్ని రోజూ గమనించే పని మాత్రం స్థానిక సిబ్బందిదే.

ఇతర దేశాల పద్ధతులు

అమెరికా: 1923, 1949 వర్గీకరణ చట్టాల మీద నిలిచిన జనరల్ షెడ్యూలులో 15 గ్రేడ్లు, ఒక్కో గ్రేడులో 10 మెట్లు ఉన్నాయి. క్యూరేటర్లు 1015 సిరీస్, మ్యూజియం స్పెషలిస్టులు, టెక్నీషియన్లు 1016 సిరీస్, కాపలాదారులు 0085 సిరీస్. మొదటి మూడు మెట్లు ఏడాదికొకటి, తరువాతి మూడు రెండేళ్లకొకటి, చివరి మూడు మూడేళ్లకొకటి అందుతాయి. 1990 నాటి చట్టం తరువాత ఊరిని బట్టి అదనపు శాతం కలుస్తోంది. పోస్టుకే విలువ అన్న సూత్రానికి ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. పరిశోధన చేసే ఉద్యోగుల ప్రచురణలు, పేరు ప్రతిష్ఠలు పోస్టు స్వభావాన్నే మారుస్తాయని ఒప్పుకుని, వారి గ్రేడును నిపుణుల బృందం విడిగా తేలుస్తుంది. స్మిత్‌సోనియన్‌లో ఫెడరల్ ఉద్యోగులతో పాటు ట్రస్టు నిధులతో జీతం పొందేవారూ పక్కపక్కనే పనిచేస్తారు. ప్రైవేటు ఆర్ట్ మ్యూజియాల్లో ఏ ప్రభుత్వ స్కేలూ ఉండదు. ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం ఏటా జరిపే జీతాల సర్వేలు అక్కడ కొలబద్ద.

బ్రిటన్: స్థానిక సంస్థల మ్యూజియాలకు 1997లో కుదిరిన సింగిల్ స్టేటస్ ఒప్పందం శారీరక శ్రమ చేసేవారినీ, కార్యాలయ సిబ్బందినీ ఒకే వేతన నిచ్చెన మీదికి తెచ్చింది. జాతీయ మ్యూజియాలు 1990ల నుంచి ఎవరి స్కేళ్లు వారే నిర్ణయించుకుంటున్నాయి. దాంతో ఒకే నగరంలో ఒకే పనికి వేర్వేరు జీతాలు వచ్చాయి. మ్యూజియమ్స్ అసోసియేషన్ ఒక్కో రకం కొలువుకు కనీసం ఎంత ఇవ్వాలో సూచించే మార్గదర్శకాలు ప్రచురిస్తోంది. అవి చట్టం కావు, కానీ ఉద్యోగ ప్రకటనల్లో తక్కువ జీతం చూపినప్పుడు వాటిని ఎత్తిచూపుతారు.

ఫ్రాన్స్: ప్రభుత్వోద్యోగాలను ఎ, బి, సి తరగతులుగా విభజించారు. 1990లో వారసత్వ సంరక్షకుల కోర్ (ఉద్యోగ వర్గం) ఏర్పడింది. పోటీ పరీక్షలో నెగ్గినవారు జాతీయ వారసత్వ సంస్థలో పద్దెనిమిది నెలల శిక్షణ పొంది మ్యూజియాలు, ఆర్కైవులు, పురావస్తు రంగాల్లో చేరతారు. మ్యూజియం గైడు పుస్తకం రాసినా, మంత్రిత్వ శాఖలో బల్ల దగ్గర కూర్చున్నా హోదా తమతోనే ఉంటుంది. సందర్శకుల స్వాగతం, కాపలా, వస్తువుల గిడ్డంగి చూసే సాంకేతిక సహాయకులకు సి తరగతిలో సొంత కోర్ ఉంది. అంటే కాపలా పనిని మ్యూజియం వృత్తిగానే గుర్తించారు. 2025 జూన్‌లో లూవ్ర్ సిబ్బంది రద్దీ, సిబ్బంది కొరతల మీద పని ఆపేశారు. అదే ఏడాది అక్టోబరులో అక్కడి అపోలో గ్యాలరీ నుంచి రాజాభరణాలు చోరీ అయ్యాయి. ఆ తరువాత భద్రతా పోస్టుల సంఖ్య దేశవ్యాప్త చర్చగా మారింది.

ప్రధాన వివాదాంశాలు

వస్తువుల చార్జి: భారతీయ మ్యూజియాల్లో ఒక విభాగం బాధ్యత మారేటప్పుడు రిజిస్టరులోని ప్రతి వస్తువునూ సరిచూసి సంతకాలతో అప్పగించాలి. వేల వస్తువులుంటే ఇది నెలల పని. చార్జి అప్పగింత పూర్తికాక రిటైరైనవారి బకాయిలు ఆగే ప్రమాదం ఉంటుంది. ఇంత బరువైన బాధ్యత ఉన్నా, దానికి ప్రత్యేక భత్యమో గ్రేడు పెంపో దక్కడం అరుదు. నగదు చూసే క్యాషియరుకు ప్రత్యేక భత్యం ఇచ్చే సంప్రదాయం ప్రభుత్వ కార్యాలయాల్లో చాలాకాలం నడిచింది, వెల కట్టలేని వస్తువులకు జామీనుగా ఉన్నవారికి అలాంటి ఏర్పాటు స్థిరపడలేదు.

ఖాళీలు: జాతీయ మ్యూజియాలు, పురావస్తు సర్వేక్షణ శాఖ పనితీరు మీద కాగ్ 2013లో ఇచ్చిన నివేదిక సిబ్బంది కొరతను, వస్తువుల భౌతిక తనిఖీలో లోపాలను ఎత్తిచూపింది. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవి. పోస్టు ఖాళీగా ఉన్నంతకాలం దాని విధులు పక్కవారి మీద పడతాయి, వారి గ్రేడు మాత్రం మారదు.

ఔట్‌సోర్సింగ్: కాపలా, పారిశుధ్యం, టికెట్లు, కొన్నిచోట్ల గైడు పనీ ఏజెన్సీల చేతికి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో దళారులను తప్పించేందుకు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వమే ఒక కార్పొరేషన్ పెట్టి 2020లో పని మొదలుపెట్టింది. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం 39వ అధికరణంలోని ఆదేశం. 1982లో రణధీర్ సింగ్ కేసులో, 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని బలపరిచింది. రెండో తీర్పు ప్రకారం రెగ్యులర్ ఉద్యోగి విధులే చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ స్కేలు కనిష్ఠ వేతనం దక్కాలి. విధులు ఒకటేనని రుజువు చేసే భారం మాత్రం ఉద్యోగిదే. విధుల జాబితా స్పష్టంగా రాసి లేని చోట ఆ రుజువు కష్టం. లండన్ నేషనల్ గ్యాలరీలో 2015లో సందర్శక సేవలను ప్రైవేటు సంస్థకు అప్పగించడంపై సిబ్బంది వంద రోజులకు పైగా సమ్మె చేశారు. అదే గ్యాలరీలో ఏళ్ల తరబడి పనిచేసిన 27 మంది కళా విద్యా బోధకులకు వర్కర్లుగా చట్టబద్ధ హక్కులున్నాయని 2019లో ట్రిబ్యునల్ తేల్చింది.

జీతాల గోప్యత: ప్రభుత్వ స్కేళ్లు గెజిట్‌లో ఉంటాయి కాబట్టి దాపరికం లేదు. ప్రైవేటు మ్యూజియాల్లో పరిస్థితి వేరు, అక్కడ జీతాల విషయం ఉద్యోగులే పోరాడి తేల్చుకోవాల్సి వస్తోంది. 1971లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వృత్తి, పరిపాలన సిబ్బంది యూనియన్ కట్టి సమ్మె చేశారు. 2019లో అమెరికా మ్యూజియం ఉద్యోగులు తమ జీతాలను పేర్లు లేకుండా ఒక ఉమ్మడి పట్టికలో నింపి బయటపెట్టారు. అదే ఏడాది ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం జీతం లేని ఇంటర్న్‌షిప్పులు మానాలని తీర్మానించింది. జీతం లేకుండా నెలల తరబడి పనిచేయగలిగేది కలిగిన ఇళ్ల పిల్లలే కాబట్టి, వృత్తిలోకి ప్రవేశమే కొద్దిమందికి పరిమితమవుతోందన్నది దాని వెనకున్న వాదన. 2022లో ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం సిబ్బంది తొలి ఒప్పందం కోసం 19 రోజులు సమ్మె చేశారు.

పునస్సమీక్ష ఎలా జరుగుతుంది

ఒక పోస్టు గ్రేడు మార్చాలంటే ప్రభుత్వ సంస్థలకు రెండు దారులు. పదేళ్లకోసారి వచ్చే వేతన సంఘానికి వినతిపత్రం ఇవ్వడం మొదటిది. రెండు సంఘాల మధ్య కాలంలో కేడర్ సమీక్ష జరిపించుకుని నియామక నిబంధనలు సవరించుకోవడం రెండోది. ఆ నిబంధనల పట్టికలో పోస్టు పేరు, సంఖ్య, గ్రూపు, వేతన స్థాయి, వయసు, అర్హత, ప్రొబేషన్, నియామక పద్ధతి వంటి 13 గడులుంటాయి. రోజువారీ విధులకు అందులో గడి లేదు. కాబట్టి సంస్థ తనంతట తాను విధుల జాబితా తయారుచేసి జతపరచాలి. ఎన్ని వస్తువులు చార్జిలో ఉన్నాయి, ఏటా ఎన్ని తనిఖీలు, ఎన్ని వస్తువులు అరువుపై వెళ్లొస్తాయి, ఎందరు పరిశోధకులకు సాయం అందుతుంది, వస్తువు దెబ్బతింటే జవాబు ఎవరిది అన్న వివరాలు అంకెల్లో ఉంటే వాదన నిలుస్తుంది. వేరే శాఖలోని ఫలానా పోస్టుతో తమది సమానమన్న పోలిక ఒక్కటే ఉంటే సాధారణంగా వీగిపోతుంది.

ఎనిమిదో కేంద్ర వేతన సంఘం ఏర్పాటును ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించి, రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన దాని విచారణాంశాలను అదే ఏడాది అక్టోబరులో ఆమోదించి, నివేదికకు 18 నెలల గడువు ఇచ్చింది. సంఘం ప్రకటించే కొత్త గుణకం అందరి జీతాన్నీ పెంచుతుంది, మ్యూజియం కొలువులకు ఇతర కొలువులతో ఉన్న అంతరాన్ని మాత్రం అది మార్చదు. అంతరం మారాలంటే పోస్టు స్థాయే మారాలి, దానికి ఆధారం విధుల జాబితాలో వస్తువుల బాధ్యత అంకెలతో కనిపించడం.